అమెరికా ఆర్డర్లు పడిపోయాయి, సెజ్‌ నుంచి బయటికి వచ్చేయాలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. మీది వరంగల్. హైదరాబాద్ శివార్లలో ఒక సెజ్‌లో, అంటే ఎగుమతుల కోసం సుంకం మినహాయింపులిచ్చే ప్రత్యేక ఆర్థిక మండలిలో, 2022 నుంచి రగ్గులు, డోర్‌మ్యాట్లు తయారు చేసి అమెరికాకు పంపుతున్నారు. 65 మంది పనిచేస్తున్నారు. 2025 ఆగస్టు తర్వాత ఆర్డర్లు సగానికి పడ్డాయి, ఉన్న బయర్ డిస్కౌంట్ అడుగుతున్నాడు. సెజ్ వదిలేసి బయట షెడ్డు తీసుకుని లోకల్‌గా అమ్ముకోమని మీ ఆడిటర్ అంటున్నారు. వదలాలా, ఉండాలా?

ఇప్పుడు వదలొద్దు. కనీసం మీ సెజ్ అనుమతి ఐదేళ్ల గడువు పూర్తయ్యేదాకా వదలొద్దు. మీకు వచ్చిన కష్టం అమెరికా వేసిన దిగుమతి సుంకం వల్ల మొదలైనా, యూనిట్‌ని ముంచేది సుంకం కాదు, చేతిలో డబ్బు ఆడకపోవడం. ముందు రావాల్సిన డబ్బు కాపాడుకోండి, తర్వాత ఖాళీగా ఉన్న మగ్గాలకు, మెషిన్లకు పని చూడండి, ఆ తర్వాత కొత్త దేశం చూడండి. సెజ్‌లో ఉండాలా వద్దా అన్నది వీటన్నిటి తర్వాత తేల్చుకోవాల్సిన విషయం.

నేను హన్మకొండలో ఉంటాను. 26 ఏళ్లుగా ఎగుమతుల డాక్యుమెంట్లు, కస్టమ్స్, సెజ్ అనుమతుల పనే చేస్తున్నాను. ఇలాంటి టెన్షన్‌లో చిన్న యూనిట్ల వాళ్లు తీసుకున్న నిర్ణయాలు చాలా చూశాను.

ముందు సుంకం సంగతి. 2025 ఏప్రిల్‌లో అందరి మీదా 10 శాతం వేశారు. ఆగస్టు 7న మనకు 25 అయింది, ఆగస్టు 27న ఇంకో 25 కలిసి 50 అయింది. నవంబరులో మసాలా దినుసులు, టీ, కాఫీ లాంటి కొన్నిటిని పక్కన పెట్టారు. 2026 ఫిబ్రవరి మొదట్లో 18 శాతానికి తగ్గిస్తామని ఒప్పందం ప్రకటించారు. అదే నెల 20న అక్కడి సుప్రీంకోర్టు అత్యవసర అధికారాల చట్టం కింద వేసిన ఈ సుంకాలు చెల్లవంది, వెంటనే వేరే చట్టం కింద మరో సుంకం వచ్చింది. ఏడాది తిరగకముందే ఇన్ని మలుపులు. సెజ్ నుంచి బయటికి వెళ్లడం మాత్రం ఒక్కసారే జరుగుతుంది, మళ్లీ లోపలికి రావాలంటే మొదటి నుంచి దరఖాస్తు. మూడు నెలలకోసారి మారే దాన్ని చూసి, వెనక్కి తీసుకోలేని పని చేయకండి.

2009లో కరీంనగర్ వైపు ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉండేది. సెజ్ కాదు, నూరు శాతం ఎగుమతి యూనిట్, కానీ లెక్కలు దాదాపు ఇలాంటివే. అమెరికాలో ఇళ్ల కట్టడం ఆగిపోయి కౌంటర్‌టాప్ పలకల ఆర్డర్లు పోయాయి. ఆ యజమాని భయపడి బయటికి వచ్చేశాడు. సుంకం లేకుండా తెచ్చిన మెషిన్ల మీద సుంకం కట్టడానికి అప్పు తెచ్చాడు, ఆ అప్పు తీర్చడానికి పెద్ద కటింగ్ మెషిన్ అమ్మాడు. రెండేళ్లకు పాత బయరే మళ్లీ ఫోన్ చేశాడు. ఇతని దగ్గర మెషిన్ లేదు, పాలిష్ పట్టే మనుషులూ లేరు. ఆ రోజు అతను నా ముందు కూర్చుని మాట్లాడిన తీరు ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక మీ ఆడిటర్ భయపడుతున్న విషయం, ఎన్‌ఎఫ్‌ఈ, అంటే నికర విదేశీ మారక ఆర్జన. ఎగుమతులు తగ్గితే ఇది మైనస్ అయి పెనాల్టీ పడుతుందని ఆయన అని ఉంటారు. ఎన్‌ఎఫ్‌ఈ ఏడాదికేడాది చూసేది కాదు, ఉత్పత్తి మొదలైన రోజు నుంచి ఐదేళ్లకు కలిపి చూసేది. ఏటా ఆడిట్ చేయించిన రిపోర్టు ఇస్తారు, సెజ్ అప్రూవల్ కమిటీ చూస్తుంది, కానీ అసలు లెక్క ఐదేళ్ల మొత్తానిదే. దిగుమతి మెషిన్ల విలువ కూడా ఒకేసారి తీసేయరు, ఏడాదికి 10 శాతం చొప్పున పంచుతారు. ఊరికే అంకెలు వేసి చూద్దాం. నాలుగేళ్లలో మీ ఎగుమతి 9 కోట్లు, దిగుమతి నూలు, బ్యాకింగ్ సామాను 3 కోట్లు, మెషిన్లు 80 లక్షలు అనుకోండి. మెషిన్ల వాటా నాలుగేళ్లకు 32 లక్షలు. ఇంకా అయిదున్నర కోట్లకు పైగా ప్లస్‌లో ఉన్నారు. ఐదో ఏడు ఒక్క రగ్గు కూడా పంపకపోయినా మైనస్ కాదు. మీ అసలు అంకెలు వేసి మీ ఆడిటర్‌కు చూపించండి, ఆయన టెన్షన్ సగం తగ్గుతుంది.

బయటికి వస్తే అయ్యే ఖర్చు కూడా రాసి పెట్టుకోండి. సుంకం లేకుండా తెచ్చిన ముడిసరుకు ఎంత స్టాకులో ఉంటే అంత మీదా సుంకం కట్టాలి. మెషిన్లకు తరుగుదల ఇస్తారు: మొదటి ఏడాదిలో ప్రతి మూడు నెలలకు 4 శాతం, రెండో, మూడో ఏళ్లలో 3, నాలుగో, ఐదో ఏళ్లలో రెండున్నర, ఆ తర్వాత 2. అంటే నాలుగేళ్లు నిండితే మెషిన్ విలువ సగానికి, ఐదేళ్లు నిండితే 40 శాతానికి వస్తుంది. 80 లక్షల మెషిన్ల మీద ఇప్పుడు 40 లక్షలకు సుంకం లెక్కేస్తే, ఇంకో ఏడాది ఆగితే 32 లక్షలకు లెక్కేస్తారు. తప్పక వెళ్లాల్సి వస్తే ఎగుమతి కొనసాగిస్తామని ఈపీసీజీ పథకం (ఎగుమతి చేస్తామన్న షరతు మీద మెషిన్లకు సుంకం మినహాయించే పథకం) కిందికి మారే దారి ఒకసారికి ఇస్తారు, దాన్ని అడగండి. ఆదాయపు పన్ను రాయితీ మాత్రం ఈ లెక్కలోకి తేవద్దు. మీరు 2022లో మొదలుపెట్టారు, అప్పటికే కొత్త యూనిట్లకు ఆ గడువు అయిపోయింది.

ఇప్పుడు డబ్బు సంగతి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

బయర్ డిస్కౌంట్ అడుగుతున్నాడన్నారు. వాట్సాప్‌లో సరే అనకండి. ఓడెక్కిన సరుకు ఇన్వాయిస్ విలువ తగ్గించాలంటే ముందు బ్యాంకుకు రాసి ఒప్పించుకోవాలి, లేకపోతే ఆ షిప్పింగ్ బిల్లు, అంటే కస్టమ్స్‌కు ఇచ్చిన ఎగుమతి పత్రం, బ్యాంకు సిస్టమ్‌లో ఏళ్ల తరబడి తెరుచుకునే ఉంటుంది. బయర్ డబ్బు ఎగ్గొడితే బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ పాలసీ ఉంటే వాళ్లకూ ముందే చెప్పాలి. నా దగ్గరికి వచ్చిన ఒక యూనిట్ వాళ్లు బయర్ మాట విని 12 శాతం తగ్గించేశారు, గడువు కూడా 60 నుంచి 150 రోజులకు పెంచేశారు. ఎవరికీ ఒక్క ముక్క రాయలేదు. నాలుగు నెలలకు ఆ బయర్ దివాలా అన్నాడు. క్లెయిమ్ వేస్తే మొదటి ప్రశ్న, గడువు ఎవరిని అడిగి పెంచారని. సరుకు పోయింది, ప్రీమియం పోయింది, పదేళ్ల నమ్మకం పోయింది. ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లి ఒక ఏడాది వాయిదా పడింది. ఒక్క ఉత్తరం రాసి ఉంటే చాలా వరకు వచ్చేది.

కాబట్టి డిస్కౌంట్ పాత సరుకుకు కాకుండా, కొత్త ఆర్డర్ ధరలో ఇవ్వండి. దానికి బదులుగా ఏదో ఒకటి అడగండి: 30 శాతం అడ్వాన్స్ కానీ, తక్కువ గడువు కానీ, ఏడాదికి ఇంత తీసుకుంటానన్న రాతపూర్వక మాట కానీ. "సుంకంలో సగం నువ్వు భరించు" అని అడిగే బయర్‌కు "రేపు సుంకం తగ్గితే ధర మళ్లీ పెంచుతాం" అన్న లైను కాంట్రాక్టులో పెట్టండి. 2025లో ఆ లైను పెట్టుకోని వాళ్లు సుంకం తగ్గాక కూడా తగ్గించిన ధరకే పంపుతున్నారు.

బ్యాంకు విషయంలో మీకు కొంత వెసులుబాటు వచ్చింది. ఎగుమతి డబ్బు రప్పించుకునే గడువును రిజర్వ్ బ్యాంక్ 2025 నవంబరులో 9 నెలల నుంచి 15 నెలలకు పెంచింది. అదే నెలలో కేంద్ర కేబినెట్ ఎగుమతిదారులకు 20,000 కోట్ల దాకా గ్యారంటీతో అదనపు అప్పు ఇచ్చే పథకాన్ని, 25,060 కోట్ల ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది. చాలామంది బ్రాంచి మేనేజర్లు తమంతట తాము ఈ సంగతి చెప్పరు. సర్క్యులర్ ప్రింట్ తీసుకుని వెళ్లి టేబుల్ మీద పెట్టి అడగండి. గడువు 15 నెలలు ఇచ్చారు కదా అని బయర్‌కు 15 నెలల ఉద్దెర మాత్రం ఇవ్వకండి. అది మీ ఊపిరి కోసం ఇచ్చింది, అతని కోసం కాదు.

రోడ్‌టెప్, అంటే ఎగుమతి సరుకు మీద పడ్డ, వేరే దారిలో తిరిగిరాని పన్నులను వెనక్కిచ్చే పథకం, దాని సంగతి కూడా చూడండి. సెజ్ యూనిట్లకు 2024 మార్చిలో మొదటిసారి ప్రకటించారు, 2025 ఫిబ్రవరి 5తో ఆపేశారు, జూన్ 1 నుంచి మళ్లీ ఇచ్చారు. ఆపినప్పుడు మానేసిన వాళ్లు కొందరు తిరిగి క్లెయిమ్ చేయడమే మర్చిపోయారు. షిప్పింగ్ బిల్లులోనే కోరుతున్నామని డిక్లేర్ చేయాలి, తర్వాత గుర్తొస్తే లాభం లేదు. 2025 జూన్ నుంచి మీ బిల్లులన్నీ ఒకసారి తీసి చూడండి.

ఇక లోకల్ అమ్మకం. దీనికి సెజ్ వదలాల్సిన అవసరమే లేదు. సెజ్‌లో ఉండే బయటి మార్కెట్‌కు, అంటే డీటీఏకి, అమ్మొచ్చు. కానీ సరుకు విదేశం నుంచి దిగుమతి అయినట్టు లెక్క. అసలు బాధ అక్కడే ఉంది. 500 రూపాయల రగ్గులో దిగుమతి నూలు 120 రూపాయలదే అయినా, సుంకం 120 మీద కాదు, 500 మీద పడుతుంది. మన కూలీ, మన కరెంటు, మన అద్దె, అన్నిటి మీదా దిగుమతి సుంకం కట్టినట్టే. అదే రగ్గు మనతో ఒప్పందం ఉన్న వేరే దేశం నుంచి వస్తే సున్నా సుంకంతో రావచ్చు. ముడిసరుకు మీద మినహాయించిన సుంకం వరకే వసూలు చేయమని సెజ్ వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. న్యాయమైన కోరికే. 2026 బడ్జెట్‌లో కొంత మెట్టు దిగారు: సెజ్‌లోని అర్హత ఉన్న తయారీ యూనిట్లు ఎగుమతుల్లో నిర్ణీత వాటా మేరకు తగ్గించిన సుంకంతో దేశంలో అమ్ముకోవచ్చని, ఇది ఒకసారికి ఇస్తున్న వెసులుబాటని ప్రకటించారు. మీ హెచ్‌ఎస్ కోడ్‌కు (కస్టమ్స్‌లో సరుకును గుర్తించే అంకె) ఎంత సుంకం, ఎంత పరిమాణం అన్నది నోటిఫికేషన్‌లో చదివాకే దుకాణం వాళ్లకు ధర చెప్పండి.

లోకల్ అమ్మకంలో ఎవరూ ముందుగా చెప్పని కష్టం ఇంకోటి ఉంది. 2020లో ఒక యూనిట్‌లో బయర్ రద్దు చేసిన 2,300 రగ్గులు గోడౌన్‌లో చుట్టలు చుట్టి ఉన్నాయి. ప్రతి రగ్గు మూలన అమెరికా దుకాణం పేరుతో లేబుల్ కుట్టి ఉంది. ఆ పేరుతో ఇక్కడ అమ్మడానికి లేదు. ఆరుగురు ఆడవాళ్లు కిటికీ దగ్గర బోర్లించిన డబ్బాల మీద కూర్చుని, షేవింగ్ బ్లేడు సగానికి విరిచి, ఒక్కో కుట్టూ తెంపారు. బ్లేడు కాస్త లోతుకు పోతే రగ్గు పోగు తెగి సెకండ్స్‌లోకి పోతుంది. తొమ్మిది రోజులు పట్టింది. తర్వాత ఎంఆర్‌పీ, తయారీదారు చిరునామా, నెల, సంవత్సరం ఉన్న కొత్త స్టిక్కర్లు. తర్వాత కొన్న దుకాణదారు తరఫున బిల్ ఆఫ్ ఎంట్రీ అనే దిగుమతి పత్రం, సుంకం చెల్లింపు, గేటు దగ్గర లెక్క. చివరికి హన్మకొండ ఎగ్జిబిషన్‌లో అమ్మితే అసలు వచ్చింది, లాభం రాలేదు. కానీ గోడౌన్ ఖాళీ అయింది, ఆ నెల జీతాలు ఆగలేదు. మీరు ఇప్పటి నుంచే సగం సరుకు లేబుల్ కుట్టకుండా పక్కన పెట్టండి, ఆర్డర్ ఖాయమయ్యాక కుట్టించండి. పైసా ఖర్చు లేని జాగ్రత్త ఇది.

డీటీఏలో రూపాయల్లో చేసే అమ్మకం ఎన్‌ఎఫ్‌ఈలో ప్లస్‌గా రాదు, ఆ సరుకులో వాడిన దిగుమతి నూలు మాత్రం మైనస్‌లో ఉంటుంది. అందుకని లోకల్ సరుకును వీలైనంత వరకు ఇక్కడి నూలుతోనే చేయండి.

ఖాళీ మెషిన్లకు ఇంకో దారి ఉంది, చాలామందికి తెలియదు. బయట ఉన్న ఎగుమతిదారు తరఫున మీరు సెజ్‌లో జాబ్‌వర్క్, అంటే అతని ఆర్డర్ మీద కూలికి తయారీ, చేయొచ్చు. సెజ్‌లో ఉండే కస్టమ్స్ అధికారి (స్పెసిఫైడ్ ఆఫీసర్) ఏడాదికి అనుమతి ఇస్తారు. షరతు ఏంటంటే, తయారైన సరుకు మీ యూనిట్ నుంచే నేరుగా ఎగుమతి కావాలి, షిప్పింగ్ బిల్లులో ఇద్దరి పేర్లూ ఉండాలి. నేను రెండుసార్లు చేయించాను. ఐరోపాకు ఆర్డర్లు నిండుగా ఉండి మెషిన్లు చాలని వాళ్లు ఎప్పుడూ ఉంటారు. మీరు వెతుక్కోవాలి, అంతే.

దీనికి తిరగేసిన పద్ధతీ ఉంది. మీ పని కొంత బయటికి ఇప్పించుకోవచ్చు, సరుకు 120 రోజుల్లో తిరిగి రావాలి. వరంగల్ వాళ్లు కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నాను: కొత్తవాడ నేతన్నలను మర్చిపోకండి. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. మెషిన్ మీద నేసిన డోర్‌మ్యాట్ ధర చూసి కొనేవాడు 5 శాతానికే వేరే దేశానికి పోతాడు. చేత్తో నేసిన, ఊరి పేరున్న దర్రీ కొనేవాడు అంత త్వరగా పోడు. నా దగ్గరికి వచ్చే యూనిట్లలో 2025లో తక్కువ దెబ్బ తిన్నవి ఇలాంటి సరుకు ఉన్నవే. జీఐ పేరు వాడాలంటే అధీకృత వాడకందారుగా నమోదు కావాలి, ఊరికే లేబుల్ మీద రాసేయకూడదు.

కొత్త దేశాలంటే, నేనైతే మొదట ఒప్పందాలు అమల్లో ఉన్నవి చూస్తాను. యూఏఈతో 2022 మే 1 నుంచి, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరు 29 నుంచి, స్విట్జర్లాండ్, నార్వే ఉన్న ఎఫ్టా దేశాలతో 2025 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్నాయి. బ్రిటన్‌తో 2025 జులైలో సంతకాలయ్యాయి, ఐరోపా యూనియన్‌తో చర్చలు 2026 జనవరిలో ముగిశాయి. సెజ్‌లో చేసిన సరుకుకూ ఈ ఒప్పందాల లాభం వస్తుంది, సరుకు ఏ దేశానిదో చెప్పే మూలధ్రువపత్రం ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. కానీ నూలు వేరే దేశానిదైతే ఆ సరుకు "భారత్‌లో పుట్టింది" అవుతుందా అన్నది ఒక్కో ఒప్పందంలో ఒక్కోలా ఉంటుంది. ముందు రూలు చదివి, తర్వాత కొటేషన్ ఇవ్వండి. అక్కడి కస్టమ్స్ తిప్పికొడితే సుంకం బయర్ మీద పడుతుంది, ఆ బయర్ మళ్లీ మీ ఫోన్ ఎత్తడు.

ఖర్చు తగ్గించడానికి మనుషులను తీసేయడం చివరి పని. అంచు కుట్టే మనిషికి చెయ్యి తిరగడానికి ఆరు నెలలు పడుతుంది, జనగామ నుంచి, కాజీపేట నుంచి రైలెక్కి వచ్చే వాళ్లు ఒకసారి వేరే పనిలో కుదురుకుంటే తిరిగి రారు. దానికన్నా ముందు షెడ్డులో ఖాళీగా ఉన్న సగం సెజ్ డెవలపర్‌కు తిరిగిచ్చేయండి. అప్రూవల్ కమిటీ అనుమతితో విస్తీర్ణం తగ్గించుకోవచ్చు. అద్దె, నిర్వహణ ఖర్చు రెండూ తగ్గుతాయి. చాలామంది పరువు తక్కువ అనుకుని అడగరు. నేను అడగమనే చెప్తాను.

ప్రభుత్వం వైపు నుంచి జరగాల్సింది కూడా చెప్పాలి. మన సెజ్‌లను చూసే డెవలప్‌మెంట్ కమిషనర్ ఆఫీసు విశాఖలో ఉంది. ఆన్‌లైన్ వచ్చినా, ఫైలు చిక్కుకుంటే చిన్న యూనిట్ యజమాని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఒక రాత్రి, ఒక పగలు పోగొట్టుకోవాల్సిందే. నెలకు ఒక రోజు అధికారులు హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో కూర్చుంటే ఎంతమందికి మేలో. అలాగే 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు ఆఖరు వరకు పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేశారు. మిల్లులకు ఊరట, ఎగుమతిదారుకూ ఊరటే. కానీ వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బస్తాలు తెచ్చిన రైతు ధర పడిందని గోల పెట్టాడు. ఎగుమతిదారును ఆదుకోవడానికి మన పక్క ఊరి రైతును దెబ్బ కొట్టడం నాకు నచ్చదు. రగ్గు చేసే వాడిని బ్యాంకు వడ్డీలో, డీటీఏ సుంకంలో ఆదుకోవచ్చు.

నా మాట ఎక్కడ వర్తించదో కూడా చెప్తాను. మీ ముడిసరుకంతా ఇక్కడిదే అయి, దిగుమతి మెషిన్లు కూడా లేకపోతే, సెజ్ వల్ల మీకు మిగిలేది తక్కువ. అప్పుడు ఐదేళ్లు నిండగానే బయటికి రావడం తప్పు కాదు. ఒకే బయర్ మీద మీ అమ్మకాల్లో 80 శాతం నడుస్తూ, అతను ఇప్పటికే రెండు పేమెంట్లు ఆపి ఉంటే, పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి ఈ వారమే ఈసీజీసీ ఆఫీసుకు వెళ్లండి.

ఒక్కటి మీరు రాయలేదు: మీ ఎల్‌ఓఏ, అంటే సెజ్‌లో యూనిట్ నడపడానికి ఇచ్చిన అనుమతి పత్రం, ఏ తేదీతో ముగుస్తుందో. ఐదేళ్లకు ఇచ్చి ఉంటారు. పొడిగింపు దరఖాస్తు గడువు ముగియడానికి రెండు నెలల ముందే పెట్టాలి. బయటికి వెళ్లే ఆలోచనలో ఉండి ఆ తేదీ దాటనిస్తే మీ చేతిలో ఏమీ ఉండదు. ఆ తేదీ, ఈ నాలుగేళ్ల ఎన్‌ఎఫ్‌ఈ షీట్ రెండూ ఇక్కడే రాయండి, అంకెలు చూసి చెప్తాను. బయర్ పేరు, ధరలు మాత్రం బయట పెట్టకండి.